పీచు మిల్లు ఎక్కడ పెట్టాలి? ఎక్సెల్ సాల్వర్‌తో లెక్క

కోనసీమలో కొబ్బరి పీచు మిల్లుకి అంబాజీపేట, రావులపాలెం, రాజోలు చూస్తున్నారనుకోండి. షరతులు దాటకుండా తక్కువ ఖర్చయ్యే చోటును ఎక్సెల్‌లోని సాల్వర్ అనే సాధనం వెతికిపెడుతుంది. అడ్డువరుసల్లో డొక్కలు (పీచు తీసే కొబ్బరి పైతొక్కలు) దొరికే ఊళ్లు, నిలువువరుసల్లో ఈ మూడూ రాసి, లోడు కిరాయి నింపండి. టన్నుల లెక్క వద్దు. డొక్క తేలిక, బరువు పరిమితి చేరకముందే లారీ నిండిపోతుంది.

దూరం రోడ్డు మీదే కొలవాలి. మ్యాపులో సఖినేటిపల్లి, నరసాపురం ఎదురెదురే, కానీ మధ్యలో గోదావరి పాయ వశిష్ఠ. లారీ చించినాడ వంతెన మీదుగా చుట్టి రావాలి.

ఏ ఊరి నుంచి ఏ చోటుకి ఎన్ని లోడ్లో సాల్వర్ నింపడానికి ఇలాంటిదే ఖాళీ పట్టిక ఒకటి పెట్టండి. ప్రతి చోటుకీ 0 లేదా 1 పట్టే గడి (1 అంటే మిల్లు పెడతాం, 0 అంటే పెట్టం) పెట్టి సాల్వర్ షరతుల్లో ‘బైనరీ’ అనండి, లెక్కించే పద్ధతిగా ‘సింప్లెక్స్ ఎల్‌పీ’ ఎంచుకోండి. అసలు షరతు ఇది: చేరే లోడ్లు ≤ సామర్థ్యం × ఆ గడి. ఇది మరిస్తే పెట్టని మిల్లుకీ సాల్వర్ సరుకు పంపేస్తుంది. మొత్తం లోడ్లు నెల అవసరానికి సమానం, ఏ ఊరి నుంచీ దొరికేదాన్ని మించకూడదు. మిల్లు పెట్టిన చోటి అద్దె (అద్దె × ఆ గడి), కిరాయి రెండూ నెలవారీగానే కలిపి, ఆ మొత్తాన్ని తగ్గించమనండి. వానాకాలంలో పీచు ఆరదు, ఆ నెలలకి సామర్థ్యం తగ్గించి మళ్లీ నడపండి.