నిపుణుల స్కీ వాలుల్లో దిగడం ఎలా? మొదటి పరీక్ష నుంచి కొండ అడుగు దాకా

అమెరికాలోని వ్యోమింగ్‌లో జాక్సన్ హోల్ అనే స్కీ రిసార్ట్ ఉంది. కేబుల్ కారులో కొండ కొసకు చేరి, కాస్త కిందికి జారితే రాతి గోడల మధ్య ఒక సందు కనబడుతుంది. అదే కార్బెట్స్ కూలువార్. రాళ్ల మధ్య గాడిలా దిగిపోయే ఇరుకు మంచు వాలును కూలువార్ అంటారు. దీని అంచున నిలబడినప్పుడు స్కీల ముందు కొసలు గాలిలో ఉంటాయి. లోపలికి వెళ్లాలంటే దూకాల్సిందే. మంచు బాగా పడిన రోజుల్లో ఆ దూకుడు చిన్నది, పడని రోజుల్లో రెండు నిలువుల పైమాటే. 1960లో బ్యారీ కార్బెట్ అనే పర్వతారోహకుడు ఈ సందును చూసి, ఎప్పటికైనా ఎవరో ఒకరు ఇందులో స్కీ మీద దిగుతారని అన్నాడు. 1967లో లానీ బాల్ అనే స్కీ పాట్రోల్ (వాలుల భద్రత చూసే బృందం) సభ్యుడు దిగాడు.

ఇప్పుడు ఏటా ఎంతోమంది ఆ అంచుకు వస్తారు. చాలామంది తొంగిచూసి వెనక్కి వెళ్లిపోతారు. అలా వెళ్లడాన్ని నేను ఓటమిగా చూడను, ఎందుకో కింద చెబుతాను. కష్టమైనవని నల్ల గుర్తు పెట్టిన మామూలు వాలుల మీద ఇబ్బంది లేకుండా దిగగలుగుతూ, ఆ పై మెట్టు ఎక్కాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

మొదటి మెట్టు: బోర్డు మీది గుర్తును సరిగ్గా చదవండి

తేలిక నుంచి కష్టానికి, ఉత్తర అమెరికాలో ఆకుపచ్చ వృత్తం, నీలి చతురస్రం, నల్ల డైమండ్, జంట నల్ల డైమండ్ అనే వరస ఉంటుంది. యూరప్‌లో ఆకుపచ్చ, నీలం, ఎరుపు, నలుపు. జపాన్‌లో ఆకుపచ్చ, ఎరుపు, నలుపు మూడే. ఈ గుర్తులకు ప్రపంచమంతటా ఒకే కొలత లేదు. ప్రతి రిసార్ట్ తన దగ్గరున్న వాలులను ఒకదానితో ఒకటి పోల్చి గుర్తు పెడుతుంది. అందుకే ఒకచోట జంట డైమండ్ సునాయాసంగా దిగినవాళ్లకు మరోచోట ఒంటి డైమండ్ చెమటలు పట్టిస్తుంది.

శాతం లెక్క కూడా చాలామందిని తికమక పెడుతుంది. నూరు శాతం వాలు అంటే నిలువు గోడ కాదు, 45 డిగ్రీలు. ఆస్ట్రియాలోని మయర్‌హోఫెన్‌లో ఉన్న హరాకిరి వాలు 78 శాతం, అంటే దాదాపు 38 డిగ్రీలు. కిట్స్‌బూయెల్‌లో ప్రపంచ కప్ పందెం జరిగే స్ట్రైఫ్‌లో అన్నిటికన్నా నిటారుగా ఉన్న చోటు 85 శాతం, అంటే సుమారు 40 డిగ్రీలు. కాగితం మీద ఈ అంకెలు చిన్నగా కనిపిస్తాయి. 40 డిగ్రీల వాలు మీద నిలబడి కొండవైపు చెయ్యి చాపితే మంచు ఎంత దగ్గర్లో తగులుతుందో చూసినప్పుడు వాటి బరువు అర్థమవుతుంది.

రెండో మెట్టు: మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి

ఈ వ్యాసంలో ఒక్క భాగమే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోండి. నిటారు వాలు మీద మిమ్మల్ని కాపాడేది మీరు ఎంత బాగా మలుపు తిరుగుతారన్నది కాదు, ఎక్కడ కావాలంటే అక్కడ ఆగగలరా అన్నది. మీకు బాగా తెలిసిన వాలు మీద ఈ నాలుగూ చేసి చూడండి.

స్కీలను వాలుకు అడ్డంగా పెట్టి, అంచులు కొద్దిగా సడలించి పక్కవాటుగా కిందికి జారండి. దీన్ని సైడ్‌స్లిప్ అంటారు. నేరుగా కిందికే రావాలి, ముందుకీ వెనక్కీ పోకూడదు. యాభై మీటర్లు వరసగా రావాలి. మీ తోటివాళ్లు "ఆగు" అని కేకేసిన క్షణంలో ఆగిపోవాలి. తర్వాత రెండోవైపు తిరిగి అదంతా మళ్లీ చేయండి. అందరికీ ఒక బలహీనమైన వైపు ఉంటుంది, ఇరుకు కూలువార్ దాన్ని దాచుకోనివ్వదు.

రెండోది పొట్టి మలుపులు. రెండు స్కీల పొడవంత వెడల్పు దారి ఊహించుకుని, గీత దాటకుండా ఇరవై మలుపులు తిరగండి. చివరి మలుపు దగ్గర వేగం మొదటి మలుపు దగ్గరున్నంతే ఉండాలి. పెరిగిందంటే మీరు మలుపును పూర్తి చేయకుండానే వదిలేస్తున్నట్టు.

మూడోది గెంతు మలుపు. లోయవైపు కర్ర గుచ్చి, రెండు కాళ్లతో పైకి లేచి, గాలిలోనే స్కీలను తిప్పి, అడ్డంగా దిగి అక్కడే నిలబడాలి. ఇది అలసట తెప్పించే పని. వాలు మరీ ఇరుకైనప్పుడు ఇంకో దారి ఉండదు.

నాలుగోది కిక్ టర్న్. నిలబడిన చోటే ఒక స్కీ ఎత్తి, వెనక్కి తిప్పి పెట్టి, రెండోదాన్ని దాని పక్కకు తేవడం. చూడ్డానికి అందంగా ఉండదు, కానీ భయం కాళ్లను బిగబట్టినప్పుడు కిందికి దిగడానికి ఇదే దారి.

ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి రాకపోయినా ఇంకో వారం బోధకుడి దగ్గర నేర్చుకోండి. కొండ ఎక్కడికీ పోదు.

మూడో మెట్టు: సామాను

స్కీ అంచులు పదునుగా ఉండాలి. మొద్దు అంచులతో గట్టి మంచు మీదికి వెళ్లడం అరిగిన బ్రేకులతో ఘాట్ రోడ్డు దిగడం లాంటిది. బూటులో మడమ పైకి లేవకూడదు. బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్ ఎంత బలానికి ఊడాలో చెప్పే విడుదల అంకెను బరువు, ఎత్తు, వయసు, బూటు పొడవు, నైపుణ్యం చూసి సాంకేతిక నిపుణుడు అమర్చాలి. భయంతో దాన్ని ఇష్టమొచ్చినంత పెంచుకుంటే పడినప్పుడు స్కీ ఊడదు, మోకాలి బంధనాలు తెగుతాయి. హెల్మెట్ సంగతి చెప్పనక్కర్లేదు.

గుర్తులు పెట్టి కాపలా కాసే వాలులను దాటి వెళ్తే మూడు వస్తువులు ఒంటి మీద ఉండి తీరాలి: ట్రాన్సీవర్, ప్రోబ్ అనే పొడవాటి కడ్డీ, పార. ట్రాన్సీవర్ 457 కిలోహెర్ట్జ్ మీద సంకేతం పంపుతూ ఉంటుంది. మంచు చరియ కింద మీరు పూడిపోతే తోటివాళ్లు తమ ట్రాన్సీవర్‌తో ఆ సంకేతాన్ని వెతికి, ప్రోబ్‌తో గుచ్చి చూసి, పారతో తవ్వుతారు. మొదటి పది పదిహేను నిమిషాల్లో బయటికి తీస్తే బతికే అవకాశం బాగా ఉంటుంది, ఆపైన వేగంగా పడిపోతుంది. హెలికాప్టర్ వచ్చేదాకా ఆగేంత వ్యవధి ఉండదు. అందుకే పక్కనున్న మనిషికి ఈ పని వచ్చి ఉండాలి, మీకూ వచ్చి ఉండాలి. కొనుక్కుని సంచిలో వేసుకుంటే సరిపోదు, పాతిపెట్టి వెతికే సాధన చేయాలి.

నాలుగో మెట్టు: వాలులను వరసలో ఎక్కండి

నేనైతే ఈ వరసలో వెళ్లమంటాను.

ముందుగా యంత్రంతో చదును చేసిన నిటారు వాలు. హరాకిరి అలాంటిదే. యంత్రం జారిపోకుండా పైనుంచి తీగతో కట్టి చదును చేస్తారు. గుట్టలు, రాళ్లు అడ్డురావు కాబట్టి వాలు ఒక్కదాన్నే ఎదుర్కోవచ్చు. అయితే నున్నటి గట్టి మంచు మీద పడితే చాలా దూరం జారిపోతారు.

తర్వాత గుట్టల వాలు. ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ సరిహద్దులో పోర్ట్ ద్యు సొలేయ్ ప్రాంతంలో ఉన్న షావనెట్‌ను స్విస్ గోడ అని పిలుస్తారు. ఫ్రాన్స్ వైపు అవోరియాజ్ నుంచి వచ్చి స్విట్జర్లాండ్ వైపు లె క్రోసె దిశగా దిగాలి. పొడవు కిలోమీటరు దాకా ఉంటుంది. అంచు దగ్గర నిలబడితే మొదటి భాగం కనబడనంత నిటారు. స్కీయర్లు తిరిగి తిరిగి లేపిన మంచు గుట్టలు పెద్దవి. గుట్ట మీదికి రాగానే మోకాళ్లు మడిచి దాన్ని మింగేయాలి, దాటగానే కాళ్లు చాచి స్కీలను మంచుకు ఆనించాలి. చూపు ఎప్పుడూ మూడో గుట్ట మీదే ఉండాలి.

మూడోది గుర్తు పెట్టిన కూలువార్. ఫ్రాన్స్‌లోని కూర్షెవెల్‌లో సోలీర్ కేబుల్ కారు దిగి, సన్నటి గట్టు మీదుగా గ్రాండ్ కూలువార్ మొదలుకు చేరతారు. చాలామందిని వాలు కన్నా ఆ గట్టే ఎక్కువ భయపెడుతుంది.

నాలుగోది గేటు పెట్టి కాపలా కాసే చోట్లు. కెనడాలో బాన్ఫ్ సన్‌షైన్‌లోని డెలీరియమ్ డైవ్‌కు వెళ్లాలంటే ట్రాన్సీవర్, పార, తోడు ఒక మనిషి ఉండాలి. సంకేతం అందితేనే గేటు తెరుచుకుంటుంది. అమెరికాలో మోంటానాలోని బిగ్ స్కైలో బిగ్ కూలువార్ దిగేముందు స్కీ పాట్రోల్ దగ్గర పేరు నమోదు చేసుకోవాలి, జంటగా వెళ్లాలి, విడతకు కొద్దిమందినే వదులుతారు. ఈ నియమాలు విసుగు పుట్టించవచ్చు. నాకు మాత్రం వాటిని చూస్తే ధైర్యమే కలుగుతుంది. నా పైన ఇంకో పదిమంది ఒకేసారి మంచును కదిలించడం లేదన్న నమ్మకం అది.

చివరగా లా గ్రావ్. ఫ్రాన్స్‌లో లా మేజ్ శిఖరం పక్కన, 3,200 మీటర్ల దాకా కేబుల్ కారు తీసుకెళ్తుంది. అక్కడి నుంచి గ్రామం దాకా 1,700 మీటర్లకు పైగా దిగుడు. చదును చేసిన దారులు లేవు, కాపలా లేదు. హిమానీనదం మీద మంచు కప్పిన పగుళ్లుంటాయి. తాడు తగిలించే నడుము పట్టీ (హార్నెస్) కట్టుకోవాలి, తాడు ఉండాలి, ఆ కొండ తెలిసిన గైడ్ ఉండాలి. పగుళ్లున్న నేల మీద నడవడిక నేర్చుకోవడానికి ముందుగా షామోనీలోని వాలే బ్లాంష్ మంచిది. 3,842 మీటర్ల ఎగ్వీ ద్యు మిది నుంచి మొదలై సుమారు ఇరవై కిలోమీటర్లు సాగుతుంది. వాలు అంత నిటారు కాదు, కానీ మొదట్లో నడిచి దిగే ఇరుకు గట్టు, తర్వాత పగుళ్లు గైడ్ ఎందుకో చెబుతాయి.

అయిదో మెట్టు: ఆ రోజును చదవండి

పొద్దున్నే అవలాంచ్ (మంచు చరియల) హెచ్చరిక చూడండి. యూరప్‌లోనూ ఉత్తర అమెరికాలోనూ ప్రమాదాన్ని 1 నుంచి 5 దాకా అంకెలతో చెబుతారు. 3 అంటే మధ్యస్థం కదా అనుకుని వెళ్లేవాళ్లు చాలామంది. అది పొరపాటు, ప్రాణాలు తీసిన ప్రమాదాల్లో చాలా భాగం ఆ స్థాయిలోనే జరుగుతాయి. పలకలుగా జారే చరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీదే విరుగుతాయి, సరిగ్గా మనకు ఇష్టమైన వాలులు అవే. కొత్త మంచు బాగా పడిన మరునాడు, గాలి గట్టిగా వీచిన తర్వాత, ఎండ హఠాత్తుగా కాసినప్పుడు ఎదురుచూడటమే తెలివి.

వేళ కూడా ముఖ్యం. పగలు కరిగి రాత్రి గడ్డకట్టిన మంచు పొద్దున ఇనుములా ఉంటుంది. తూర్పు వాలు ముందు మెత్తబడుతుంది, పడమటి వాలు ఆలస్యంగా. మరీ ఆలస్యమైతే మంచు నానిపోయి మళ్లీ ప్రమాదం.

ఆరో మెట్టు: అంచున నిలబడినప్పుడు

దిగబోయే దారిని వీలైతే కింది నుంచి ముందే చూసి ఉండండి. రాళ్లెక్కడ, మధ్యలో ఆగడానికి చోటెక్కడ, పడితే ఎక్కడికి జారతామన్నది తేల్చుకోండి. జారిన దారి చివర బండలో, కొండ అంచో ఉంటే ఆ రోజు అక్కడ దిగవద్దు. ఒక్కొక్కరే దిగాలి, మిగిలినవాళ్లు కళ్లు తిప్పకుండా చూడాలి. కాళ్లు వణుకుతుంటే, మనసు ఒప్పుకోకుంటే వెనక్కి తిరగండి. ఎవరూ మిమ్మల్ని తోయకూడదు, మీరూ ఎవరినీ తోయకూడదు.

ఏడో మెట్టు: మొదటి మలుపు

ముందు సైడ్‌స్లిప్ చేస్తూ రెండు మూడు మీటర్లు దిగండి. మంచు ఎలా ఉందో పాదాలకు తెలుస్తుంది.

ఇక్కడ శరీరం మిమ్మల్ని మోసం చేస్తుంది. నిటారు వాలు మీద ఎవరైనా కొండవైపు ఒరిగిపోతారు. ఒరిగినప్పుడు బరువు లోయవైపు స్కీ మీద నుంచి తప్పుకుంటుంది, అంచు పట్టు సడలుతుంది, స్కీలు కాళ్ల కింద నుంచి జారిపోతాయి. భద్రం అనిపించే భంగిమే పడేస్తుంది. ఛాతీ లోయవైపు తిప్పండి. చేతులు ముందుకు ఉంచండి. బరువు లోయవైపు స్కీ మీద వేయండి. కర్రను బాగా కిందికి, పాదాలకు దిగువన గుచ్చండి, అంత కిందికి అందుకోవాలంటే ఒళ్లు తనంతట తానే సరైన చోటికి వస్తుంది. లేచి, తిరిగి, అడ్డంగా వచ్చి, వేగం చచ్చేదాకా ఆగండి. ఊపిరి వదలండి. అప్పుడే రెండోది. మొదటి మూడు మలుపులు ఒక్కొక్కటిగా చేస్తే నాలుగోదాని నుంచి లయ వస్తుంది.

ఎనిమిదో మెట్టు: పడితే

గట్టి మంచు మీద వేగం క్షణాల్లో పెరుగుతుంది కాబట్టి మొదటి క్షణమే మీది. పాదాలు కిందివైపు వచ్చేలా ఒళ్లు తిప్పండి. స్కీలు కాళ్లకే ఉంటే వాలుకు అడ్డంగా తెచ్చి అంచులు గుచ్చండి. ఊడిపోతే బోర్లా తిరిగి, చేతుల మీద లేచి, బూట్ల కొసలు మంచులోకి నొక్కండి. దీన్ని కూడా కింద సాఫీగా ముగిసే చిన్న వాలు మీద పదిసార్లు సాధన చేయాలి. పడుతున్నప్పుడు ఆలోచించే సమయం ఉండదు.

కిందికి చేరాక వాలు పాదం దగ్గర ఆగి ఫొటోలు తీసుకోవద్దు. పైనుంచి వచ్చేవాళ్లకీ, వాళ్లు కదిలించే మంచుకీ అదే దారి. పక్కకు బాగా జరిగి, రాతి గోడ చాటున నిలబడి, మీ తోడు దిగేదాకా చూస్తూ ఉండండి. ఆఖరి మనిషి లిఫ్ట్ దగ్గరికి చేరేదాకా ట్రాన్సీవర్ ఆపవద్దు.