స్నాచ్ నేర్పేటప్పుడు ముందు పాదాలు చూడండి

వెయిట్‌లిఫ్టింగ్‌కి కొత్తగా వచ్చిన పిల్లలకి స్నాచ్, అంటే బార్‌ని నేలనుంచి ఒకే ఊపులో తలమీదకెత్తడం, నేర్పమంటే చాలామంది బార్ నేలమీద పెట్టి "ఎత్తు" అంటారు. నేనూ మొదట్లో అలాగే చేయించేవాణ్ని, ఆ బ్యాచ్ మొత్తానికి చేతులతో గుంజే అలవాటు పడింది, దాన్ని మాన్పించడానికి ఏడాది పట్టింది. అందుకే ఇప్పుడు పైనుంచి కిందికి నేర్పుతాను. అంటే లిఫ్ట్ ఎక్కడ పూర్తవుతుందో అక్కడ మొదలుపెట్టి, నేలమీదకి ఆఖర్న వస్తాం.

మొదటి వారం ఇనుము వద్దు, పీవీసీ పైపు చాలు. పైపు తలమీదకెత్తి, మోచేతులు బిగించి, పూర్తిగా కిందికి కూర్చోబెట్టండి. పైపు సరిగ్గా మెడ వెనక భాగానికి పైన ఉండాలి, మడమలు లేవకూడదు. ఇంట్లో గొంతుక్కూర్చునే అలవాటున్న పిల్లలకి ఇది రెండు రోజుల్లో వచ్చేస్తుంది, ఎప్పుడూ కుర్చీలోనే కూర్చునే కాలేజీ కుర్రాళ్లకి నెల కూడా పట్టొచ్చు, తొందరపెట్టకండి. ఆడపిల్లల బార్ 15 కిలోలు, మగపిల్లలది 20. పన్నెండేళ్ల పిల్లకి ఆ ఖాళీ బార్ కూడా బరువే, కాబట్టి 5 కిలోలదో 10 కిలోలదో ట్రైనింగ్ బార్ దొరికితే దానితోనే నడిపించండి.

ఇంకొకటి, బరువు వేయకముందే బార్ వదిలేయడం నేర్పాలి. బార్ ముందుకి పోతే దాన్ని ముందుకి నెట్టి వెనక్కి అడుగు, వెనక్కి పోతే బార్ వదిలి ముందుకి గెంతు. పడేయడం వచ్చిన పిల్లలకే బార్ కిందికి దూరే ధైర్యం వస్తుంది.

తర్వాత హ్యాంగ్, అంటే బార్‌ని నేలమీద కాకుండా చేతుల్లో వేలాడేలా పట్టుకుని అక్కడినుంచి ఎత్తడం. నిటారుగా నిలబడితే బార్ తొడ మొదట్లో, నడుము మడత దగ్గర తగిలేంత వెడల్పుగా పట్టు ఉండాలి. హుక్ గ్రిప్ మొదటి రోజు నుంచే పట్టించండి. బొటనవేలు బార్‌కి చుట్టి, దానిమీద చూపుడువేలూ నడిమివేలూ బిగించాలి. కొన్నాళ్లు నొప్పి పుడుతుంది, అలవాటైపోతుంది. మొదట నడుము దగ్గర నుంచి, అది కుదిరాక మోకాలి పైనుంచి, ఆ తర్వాత మోకాలి కిందనుంచి, చివరికి నేలనుంచి. ఒక మెట్టు నిలిచాకే ఇంకో మెట్టు.

నేలనుంచి ఎత్తేటప్పుడు బార్ షూ లేసు ముడికి పైన ఉండాలి, భుజాలు బార్‌కి కాస్త ముందుకి, వీపు బిగువుగా, చేతులు తాళ్లలా. బార్ మోకాళ్లు దాటేదాకా లాగడం అనే మాటే వాడకండి, "నేలని తొక్కు" అనండి. నడుమూ భుజాలూ కలిసి లేవాలి. నడుము ముందే లేచిపోతే బరువంతా వీపుమీద పడుతుంది. మోకాళ్లు దాటాక బార్‌ని ఒంటికి రాసుకుంటూ తెచ్చి, తొడ మొదట్లో తగిలిన క్షణంలో కాళ్లతో ఒక్కసారిగా నిటారుగా సాగాలి, ఆ వెంటనే బార్ కిందికి దూరిపోవాలి. కాళ్లు పూర్తిగా సాగకముందే మోచెయ్యి వంగితే ఆ కాళ్ల బలం బార్‌కి చేరదు.

మా దగ్గర ఒక అమ్మాయికి 40 కిలోల దాకా బాగానే వచ్చేది, 45 పెట్టగానే బార్ ముందుకి పడిపోయేది. భుజాల్లో బలం లేదనుకుని మూడు వారాలు, బార్ తలమీదకెత్తి పట్టుకుని కూర్చుని లేచే ఓవర్‌హెడ్ స్క్వాట్లు చేయించాను. లాభం లేదు. ఒకరోజు ప్లాట్‌ఫామ్ మీద ఆ అమ్మాయి షూ ముందు సుద్దముక్కతో గీత గీశాను. లిఫ్ట్ అయ్యాక చూస్తే రెండు పాదాలూ గీత దాటి నాలుగు వేళ్లు ముందున్నాయి. మళ్లీ చేయించి, ఈసారి పక్కన నేలకి వంగి చూశాను. బార్ నేలనుంచి లేచీ లేవగానే మడమ కింద వెలుతురు కనిపించింది, కాగితం దూరేంత సందు. తప్పు పైన కాదు, అక్కడుంది.

"మడమ లేస్తోందమ్మా."

"లేదు సార్, తొక్కుతూనే ఉన్నాను."

ఫోన్ పక్కన పెట్టి వీడియో తీసి చూపిస్తే గానీ నమ్మలేదు. 30 కిలోలకి దించి, నేలనుంచి రెండంగుళాలు లేపి రెండు సెకన్లు ఆగి అప్పుడు లిఫ్ట్ పూర్తి చెయ్యమన్నాను. పది రోజులు అదొక్కటే పని. తర్వాత 45 నిలిచింది, పాదాలు గీత దాటలేదు. పాదాలు పక్కలకి కాస్త వెడల్పవడం మామూలే, వేలెడు వెనక్కి పడినా కంగారు లేదు, ముందుకి గెంతితే మాత్రం మొదటి కదలిక దగ్గరికి వెళ్లి వెతకండి.

ఒక సెట్‌కి ఒక్క మాటే చెప్పండి. వీపు, మోచెయ్యి, తల అన్నీ ఒకేసారి సరిచేస్తే పిల్లకి టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

వారానికి మూడు రోజులు చాలు. స్నాచ్ ముందు, తర్వాత క్లీన్ అండ్ జెర్క్ (బార్‌ని ముందు భుజాలమీదకి, అక్కడినుంచి తలమీదకి ఎత్తడం), ఆఖర్న పుల్స్ (తలమీదకెత్తకుండా పైకి లాగడం మాత్రమే), స్క్వాట్లు. లిఫ్టుల్లో సెట్‌కి ఒకటి నుంచి మూడుసార్లు ఎత్తడం, మధ్యలో రెండు మూడు నిమిషాల విశ్రాంతి, బరువు ఎక్కువ భాగం మ్యాక్స్‌లో, అంటే ఆ పిల్ల ఒక్కసారి ఎత్తగలిగే గరిష్ఠ బరువులో, 60 నుంచి 75 శాతం లోపే. రెండుసార్లు వరసగా ఫెయిలైతే ఆ రోజుకి బరువు దించేయండి. సెలక్షన్స్ దగ్గరపడ్డాయని ఒక కుర్రాడికి నేను రోజూ మ్యాక్స్ పెట్టించి మణికట్టు నొప్పి తెప్పించాను, ఆ సీజనంతా పోయింది, ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఏది వెనకబడిందో తెలియాలంటే రెండు లిఫ్టుల లెక్క చూడండి. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మన శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో స్నాచ్ 110, క్లీన్ అండ్ జెర్క్ 130, మొత్తం 240 కిలోలతో కాంస్యం తెచ్చారు. ఆ 110 అంటే 130లో దాదాపు 85 శాతం. మామూలుగా 80 నుంచి 85 మధ్య ఉంటే సరే. 75 కిందికి పోతే స్నాచ్ టెక్నిక్కో భుజాల బిగుతో చూడాలి, 88 దాటితే కాళ్లలో బలం చాలడం లేదు, ఫ్రంట్ స్క్వాట్లు (బార్ భుజాల ముందు పెట్టుకుని కూర్చుని లేవడం) పెంచాలి.

పోటీలో మొదటి ప్రయత్నం, నిద్రలేని రోజున కూడా వచ్చే బరువై ఉండాలి. ఒక్కో లిఫ్టుకి మూడు ఛాన్సులే ఉంటాయి, మూడూ పోతే టోటలే (రెండు లిఫ్టుల మొత్తం) ఉండదు. వార్మప్ గదిలో, వేదికమీద మూడు లిఫ్టులకి మీ పిల్ల చేత ఒకటి చొప్పున చేయించుకుంటూ వెళ్తే ఒళ్లు చల్లబడదు. పేరు పిలిచాక నిమిషమే టైము, వెంటవెంటనే తన వంతే మళ్లీ వస్తే రెండు నిమిషాలు. అప్పుడు కొత్త పాఠాలు చెప్పకండి. ఆ అమ్మాయి వేదిక ఎక్కేముందు నేను ఇప్పటికీ చెప్పేది ఒక్కటే, "మడమలు, తల్లీ."