శీతాకాలం ఎడారి ఊళ్లో గడిపే రిటైర్డ్ వ్యక్తులు వాలంటీరుగా చేరడం ఎలా?

కాలిఫోర్నియాలోని బొరేగో స్ప్రింగ్స్ చిన్న ఊరు. శాన్‌డియేగో నుంచి కారులో దాదాపు రెండు గంటల ప్రయాణం. ట్రాఫిక్ సిగ్నల్ ఒక్కటీ లేదు. చుట్టూ 6 లక్షల ఎకరాలకు పైగా పరుచుకున్న ఆంజా-బొరేగో డెజర్ట్ స్టేట్ పార్క్. ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటే ఈ చోట నవంబరు నుంచి మార్చి దాకా పగలు 20 డిగ్రీల పైచిలుకు, రాత్రి చలి. చలి ప్రాంతాల నుంచి వచ్చిన రిటైర్డ్ జనంతో ఆ నెలల్లో ఊరు నిండుతుంది. వాళ్లలో కొందరు పార్కుకు ఎంతో పని చేసి పెడతారు. ఎడారిని నేర్చుకోవడానికి అంతకన్నా మంచి దారి లేదు. వారానికి రెండు పూటలు నేలమీద వంగి పనిచేసినవాళ్ల కంటికి ఆనేది కారు కిటికీలోంచి చూసేవాళ్లకు ఆనదు.

ముందు పని ఎంచుకోండి, తర్వాత దరఖాస్తు

విజిటర్ సెంటర్‌లో కూర్చుని వచ్చినవాళ్లకు దారి చెప్పడం, నడక బృందాలకు మొక్కలూ రాళ్లూ వివరించడం, కాలిబాటలు బాగుచేయడం, కలుపు పీకడం, వలస గద్దలను లెక్కించడం, క్యాంపు హోస్టుగా (క్యాంపుగ్రౌండ్‌లోనే ఉంటూ వచ్చినవాళ్లకు సాయపడే మనిషిగా) ఉండడం: సాధారణంగా దొరికే పనులు ఇవి. మోకాళ్ల నొప్పులుంటే గద్దల లెక్క, విజిటర్ సెంటర్ నయం. క్యాంపు హోస్టుకు తాను ఉండే ఆర్‌వీ (ఇల్లులాంటి బండి) నిలుపుకునే చోటు ఉచితంగా ఇస్తారు, బదులుగా వారంలో నిర్ణీత గంటలు పనిచేయాలి. మొదటి ఏడాదే దీనికి దిగొద్దు. కట్టుబడిపోతే తిరగడానికి తీరిక దొరకదు.

అక్టోబరులోపే పార్కు ఆఫీసుకు రాయండి. ఏ రోజు నుంచి ఏ రోజు వరకు ఉంటారో, ఎంత దూరం నడవగలరో, ఎంత బరువు ఎత్తగలరో ఉన్నదున్నట్టు చెప్పండి. కొన్ని పనులకు వేలిముద్రలు తీసుకుని గతం పరిశీలిస్తారు, దానికి వారాలు పట్టొచ్చు. జనవరిలో వచ్చి అప్పుడు ఫారం నింపితే సీజను సగం గడిచిపోతుంది. పని చేస్తూ గాయపడితే ఖర్చు ఎవరిదో అప్పుడే అడగండి. పిల్లల దగ్గరికి విజిటర్ వీసా మీద వచ్చిన తల్లిదండ్రులు ఆ సంగతి మొదటి ఉత్తరంలోనే చెప్పి, అనుమతి ఉందో లేదో రాతపూర్వకంగా తెలుసుకోవాలి. గైడుతో నడకలకు వెళ్లడానికి ఇవేవీ అక్కర్లేదు.

సహారా ఆవ పీకడం

ఈ పార్కుకు అసలైన బెడద సహారా ఆవ. మన పోపులో ఆవాలకు దగ్గరి చుట్టమే. ఉత్తర ఆఫ్రికా, మధ్యధరా ప్రాంతాల నుంచి వచ్చి అమెరికా ఎడారుల్లో పాతుకుపోయింది. చలికాలపు వానలకు అన్నిటికన్నా ముందు మొలిచి, తేమంతా తాగేసి, ఇసుక వర్బీనా, ఎడారి పొద్దుతిరుగుడు, ఈవినింగ్ ప్రిమ్‌రోజ్ లాంటి ఇక్కడి సొంత పూలమొక్కల మొలకలను నీడతో నొక్కేస్తుంది. వసంతంలో జనం ఎగబడి చూసే పూల తివాచీ ఈ సొంత మొక్కలతోనే ఏర్పడుతుంది. తనంతట తాను పరాగసంపర్కం చేసుకోగలదు కాబట్టి పొలిమేరలో ఒక్క మొక్క మిగిలినా వేల గింజలు రాలుస్తుంది.

గుర్తుపట్టడం: నేలకు అతుక్కుని చక్రంలా పరుచుకున్న ఆకులు, అంచులు లోతుగా చీలి, పట్టుకుంటే గరుకు నూగు. మధ్యలోంచి కాడ లేచి చిన్న, పాలిపోయిన పసుపు పూలు పూస్తుంది. కాయ సన్నగా, పొడవుగా, కొసన ముక్కు. పసుపు పూవు కనిపించగానే చెయ్యి వేయొద్దు, ఇక్కడి సొంత మొక్కలు చాలా పసుపు రంగువే. మొదటి రెండు పూటలు తెలిసినవాళ్ల పక్కనే పీకండి. అనుమతి లేకుండా పార్కులో ఏ మొక్కనూ పీకకూడదు, కలుపైనా సరే.

పద్ధతి ఇది. వాన పడ్డ కొద్ది రోజులకు, నేల ఇంకా చెమ్మగా ఉన్నప్పుడు వెళ్లండి. తోలు గ్లవ్స్ వేసుకుని, ఆకుల కింద, వేరు మొదలు దగ్గర పట్టుకుని నిటారుగా లాగండి. పక్కకి వంచితే తల్లివేరు తెగుతుంది, మిగిలిన మొదలు మళ్లీ చిగురిస్తుంది. నేల ఎండిపోయి ఉంటే సన్నని కలుపుకత్తితో వేరు పక్కన గుచ్చి వదులు చేయండి. కాయలు కట్టనివాటిని వేళ్లు పైకి పెట్టి అక్కడే ఎండబెట్టొచ్చు. కాయ కనిపించిందంటే మొక్క మొత్తం సంచిలోకే పోవాలి. పీకేసిన మొక్క మీద కూడా కాయ ముదిరి గింజ రాలుస్తుంది, ఎండిన పొద గాలికి దొర్లుతూ దారి పొడవునా చల్లుకుంటూ పోతుంది. తడిస్తే గింజ జిగురెక్కి బూట్లకు, టైర్లకు అంటుకుంటుంది. అందుకే బయల్దేరే ముందు అక్కడే బూట్లు బ్రష్‌తో దులుపుకోవాలి.

ఎక్కువమంది చేసే పొరపాటు, దట్టంగా ఉన్నచోట మొదలుపెట్టడం. అక్కడ రోజంతా పీకినా తేడా తెలీదు. శుభ్రంగా ఉన్న నేల అంచున, అక్కడొకటి ఇక్కడొకటి ఉన్నవాటితో మొదలుపెట్టి గుంపు వైపు నడవండి. గింజలు మట్టిలో కొన్నేళ్లు బతుకుతాయి, కాబట్టి వచ్చే ఏడు కూడా అదే ముక్కకు రావాలి. ఏటా తిరిగొచ్చే రిటైర్డ్ మనుషులు ఈ పనికి సరిపోయేది ఇందుకే.

గద్దల లెక్క

అర్జెంటీనాలో చలికాలం గడిపిన స్వైన్సన్స్ గద్దలు ఫిబ్రవరి నడుమ నుంచి ఏప్రిల్ దాకా ఈ లోయ మీదుగా ఉత్తరానికి పోతాయి. సాయంత్రం దిగుతాయి, పొద్దున నేల వేడెక్కాక గాలి సుళ్లలో పైకి లేస్తాయి. 8x42 బైనాక్యులర్, మడత కుర్చీ, అంచు వెడల్పు టోపీ, నొక్కే కౌంటర్ చాలు. సుడిలో గిర్రున తిరుగుతుండగా లెక్కపెడితే ఒకదాన్నే మూడుసార్లు లెక్కిస్తారు. పైకి చేరి, ఒకదాని వెనక ఒకటి వరసలో జారిపోతున్నప్పుడు లెక్కపెట్టండి. టర్కీ వల్చర్ అనే రాబందుతో కలగాపులగం అవుతుంది. రాబందుకు రెక్క కింద ముందుభాగం నలుపు, వెనక ఈకలు వెండిరంగు. లేతరంగు స్వైన్సన్స్‌కు సరిగ్గా తిరగేసి ఉంటుంది.

తిరగడం

మొదటి వారం గుర్తులున్న బాటలే. బొరేగో పామ్ కాన్యన్ పోయి రావడానికి సుమారు 3 మైళ్లు, చివర తాటి తోపు. 2020లో మంటలకు అక్కడి చెట్లు బాగా కాలాయి. పొద్దున్నే వెళితే రాళ్ల మీద పెనిన్సులర్ బిగ్‌హార్న్ కొండగొర్రెలు కనిపించొచ్చు. ఇవి 1998 నుంచి అమెరికా ఫెడరల్ ప్రభుత్వపు అంతరించే ముప్పున్న జాబితాలో ఉన్నాయి, నీళ్ల దగ్గరికి వాటి దారికి అడ్డం నిలబడొద్దు.

మనిషికి రోజుకు 4 లీటర్ల నీళ్లు, బండిలో అదనంగా మరో 4. చలిగా ఉండడంతో దాహం వేయదు, అక్కడే దెబ్బతింటారు. బీపీకి నీరు బయటికి తీసే మాత్రలు వాడేవాళ్లు ముందే డాక్టరును అడగాలి. ఉప్పు పల్లీలు, ఓఆర్ఎస్ పొట్లాలు దగ్గరుంచుకోండి. షుగర్ ఉన్నవాళ్లకు ఇంకో జాగ్రత్త: ఈ ప్రాంతపు మట్టిలో వ్యాలీ ఫీవర్ అనే జబ్బు తెచ్చే శిలీంధ్రం ఉండొచ్చు, దుమ్ముతో పాటు ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఆ జబ్బు వాళ్లకు ముదిరే అవకాశం ఎక్కువ. దుమ్ము గాలి లేచిన రోజు పని మానేయండి, లేదా ఎన్95 మాస్క్ పెట్టుకోండి. వారాల తరబడి దగ్గు, జ్వరం తగ్గకపోతే ఎడారిలో ఉన్నామని డాక్టరుకు చెప్పాలి.

టెడ్డీబేర్ చోయా అనే ముళ్ల కాక్టస్ ముక్క ఒంటికి అంటుకుంటే చేత్తో లాగొద్దు, చెయ్యి కూడా ఇరుక్కుంటుంది. దువ్వెన పళ్లు చర్మానికీ ముల్లుబంతికీ మధ్య దూర్చి ఒక్క విసురుతో ఎగరగొట్టి, మిగిలిన ముళ్లను ట్వీజర్స్‌తో తీయండి.

ఎండిన ఇసుక వాగుల్లోకి ఎత్తైన ఫోర్‌వీల్ బండితోనే, అదీ తోడు బండి ఉంటేనే. టైర్ల గాలి 20 పీఎస్‌ఐ దరిదాపులకు దించితే ఇసుక మీద పట్టు దొరుకుతుంది, తిరిగి నింపడానికి కంప్రెసర్ ఉండాలి. కూరుకుపోతే యాక్సిలరేటర్ తొక్కొద్దు, చక్రం ఇంకా లోతుకు దిగుతుంది. చక్రాల ముందు ఇసుక పారతో తీసి మెల్లగా కదలండి. కదలకపోతే బండి వదిలి నడిచిపోవద్దు, వెతికేవాళ్లకు మనిషి కన్నా బండి ముందు కనిపిస్తుంది. దూరాన కొండల మీద మబ్బు కమ్మితే, మీ నెత్తిన ఎండ కాస్తున్నా, వాగులోంచి వెంటనే బయటికి రండి, అక్కడి వాన ఇక్కడ హఠాత్తుగా వరదై రావచ్చు.

చాలాచోట్ల ఫోను పనిచేయదు, ఊళ్లో పెద్దాసుపత్రి లేదు. ఏ వాగుకు వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో, ఎన్నింటి దాకా రాకపోతే అత్యవసర నంబరు 911కి ఫోన్ చేయాలో కాగితం మీద రాసి ఇంట్లోవాళ్లకో పక్కబండివాళ్లకో ఇవ్వండి. తిరిగి రాగానే వచ్చామని చెప్పడం మరవొద్దు, లేకపోతే వెతికే బృందం ఉత్తపుణ్యానికి రాత్రంతా తిరగాల్సి వస్తుంది.