పెద్ద టైర్లు వేయించారా? మీటర్ సరిచేసేదాకా బండి రోడ్డెక్కించకండి

ఈ మధ్య ఒక ట్రక్కు దిగుడు మలుపులో పక్కకి పడిపోయిందని విన్నప్పటి నుంచి ఇది రాయాలని ఉంది. నడిపినాయన కొత్తవాడు కాదు, తాగలేదు, నిద్రమత్తులో లేడు. మీటర్ చూసుకుంటూనే దిగాడట. కానీ ఆ మీటర్ పాత టైర్ల లెక్క చెబుతోంది, బండి కింద ఉన్నవేమో కొత్త పెద్ద టైర్లు.

గాలి చూసుకోండి, నట్లు బిగించుకోండి లాంటివి ఎవరైనా చెబుతారు, వాటి జోలికి పోను. నేను చెప్పేది ఒక్క తప్పు గురించి. టైర్లు ఇవాళ, మీటర్ తర్వాత అనుకుని, "అసలు స్పీడ్ ఓ ఐదు ఎక్కువ ఉంటుందిలే" అని మనసులో కలుపుకుంటూ నడపడం. నేను చూసినవాళ్లలో దెబ్బతిన్నది ఎక్కువగా ఇక్కడే.

ఆ ఐదు ఎందుకు పనికిరాదు?

మీటర్‌కి రోడ్డు కనపడదు. చక్రమో, గేర్‌బాక్స్ నుంచి వచ్చే షాఫ్టో ఎన్నిసార్లు తిరిగిందో చూసి, చుట్టుకి ఇంత దూరం అని కంపెనీవాళ్లు పెట్టిన అంకెతో గుణిస్తుంది, అంతే. 265/70 ఆర్17 టైరు (265 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో 70 శాతం గోడ ఎత్తు, 17 అంగుళాల రిమ్ము) వ్యాసం లెక్క ప్రకారం దాదాపు 803 మిల్లీమీటర్లు. దాని స్థానంలో 315/70 ఆర్17 వేస్తే 873. అంటే చుట్టు చుట్టుకీ బండి 8.7 శాతం ఎక్కువ దూరం పోతుంది, మీటర్‌కి మాత్రం ఆ సంగతి తెలియదు.

ఇక్కడ గమనించాల్సింది శాతం. మీటర్ 60 చూపిస్తే అసలు 65, కాబట్టి మీ ఐదు సరిగ్గా సరిపోయినట్టు కనిపిస్తుంది, నమ్మకం కుదురుతుంది. 80 అంటే 87. 100 అంటే దాదాపు 109. 120 అంటే 130. స్పీడ్ పెరిగేకొద్దీ, అంటే ప్రాణం మీదికి వచ్చే చోటే, ఆ ఐదు మిమ్మల్ని మోసం చేస్తుంది.

పైగా స్పీడ్ 8.7 శాతం పెరిగితే బ్రేకులు ఆపాల్సిన శక్తి 18 శాతం పెరుగుతుంది, ఎందుకంటే అది స్పీడ్ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అదే సమయంలో చక్రం పెద్దదైంది కాబట్టి పెడల్ అంతే గట్టిగా నొక్కినా రోడ్డు మీద పడే బ్రేకు పట్టు 8 శాతం దాకా తగ్గుతుంది. బండి ఎత్తు కూడా 35 మిల్లీమీటర్లు పెరిగింది, మలుపులో ఒరగడానికి అదొకటి తోడు. మూడూ ఒకే దిక్కుకి లాగుతున్నాయి, మీ మనసులో ఐదు మాత్రం ఐదే.

ఇంకో సంగతి. మనసులో లెక్క మీరు వేస్తారు, స్పీడ్ లిమిటర్ వేయదు. 80 దగ్గర ఆపాల్సినది 87 దాకా పోనిస్తుంది. పెట్టిన స్పీడ్‌ని తనంతట తానే నిలిపి ఉంచే క్రూయిజ్ కంట్రోల్ వేయదు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ అయితే తప్పుడు స్పీడ్ నమ్మి గేర్లు మారుస్తుంది. రేపు మీ తమ్ముడో, ఇంకో డ్రైవరో తాళాలు తీసుకుంటే వాళ్లకి ఆ ఐదు సంగతే తెలియదు.

"కంపెనీ మీటర్ ఎలాగూ కాస్త ఎక్కువే చూపిస్తుంది, అదీ ఇదీ సరిపోతాయి" అనేవాళ్లు ఉన్నారు. ఇందులో సగం నిజం ఉంది. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధన 39 ప్రకారం మీటర్ అసలు స్పీడ్ కన్నా తక్కువ చూపించకూడదు, ఎక్కువ మాత్రం అందులో పదో వంతు, దానిపైన ఇంకో 4 కిలోమీటర్ల దాకా చూపించవచ్చు. మీ బండిలో ఆ ఎక్కువ ఎంతో కొలవకుండా మీకెలా తెలుస్తుంది?

కొలిచే పద్ధతి

టైర్లు విప్పకముందే, పాతవాటితోనే, చదునైన తిన్నని రోడ్డు మీద 60 దగ్గరా 80 దగ్గరా నిలకడగా నడిపి, మీటర్ ఎంత అంటోందో జీపీఎస్ ఎంత అంటోందో రాసుకోండి. ఫోన్ చూడాల్సింది పక్క సీటులో ఉన్నవాళ్లు. జీపీఎస్ ఒక క్షణం వెనకబడి చెబుతుంది కాబట్టి స్పీడ్ పెంచుతూ, తగ్గిస్తూ చూసిన అంకె దండగ.

కొత్త టైరు చుట్టుకొలతకి టైరు పక్క గోడ మీద ఉండే సైజు అంకెల్ని నమ్ముకోకండి. మామూలుగా ఉండే బరువుతో, సరైన గాలితో, టైరు మీదా నేల మీదా సుద్దతో గీత గీసి, బండిని తిన్నగా నాలుగైదు చుట్లు దొర్లించి, దూరాన్ని చుట్లతో భాగించండి. బరువుకి టైరు అణుగుతుంది, అందుకే వచ్చేది వ్యాసానికి 3.14 రెట్లు కాదు, రేడియల్ టైరుకి దాదాపు 3.05 రెట్లు. అరిగిన పాత టైరుని కొలిచి కొత్తదానితో పోల్చకండి. 8 మిల్లీమీటర్లు అరిగితే ఈ సైజులో 2 శాతం తేడా అక్కడే వచ్చేస్తుంది.

ఇక మిగతావి.

పాత కేబుల్ మీటర్ అయితే గేర్‌బాక్స్‌లో కేబుల్‌ని తిప్పే చిన్న పళ్లచక్రం మార్చాలి. పెద్ద టైరుకి పళ్లు తగ్గాలి, పెరగకూడదు. ఇది తిరగేసి పెట్టేవాళ్లు చాలామంది.

కొత్త బండి అయితే ఈసీయూలో, అంటే బండి లోపలి కంప్యూటర్‌లో, టైరు చుట్టుకొలత అంకె మార్చాలి. ముందు పాత సెట్టింగ్ భద్రపరచండి. బ్యాటరీ నీరసంగా ఉంటే మొదలుపెట్టకండి, మధ్యలో కరెంటు తగ్గితే ఈసీయూ పాడైపోవచ్చు.

మీటర్ వెనక తీగలో పెట్టి ముల్లుని మాత్రమే సరిచేసే డబ్బాలు వద్దు. లిమిటర్, గేర్‌బాక్స్ పాత అబద్ధంలోనే ఉండిపోతాయి.

టాకోగ్రాఫ్ (స్పీడ్, దూరం, నడిపిన సమయం నమోదు చేసే పరికరం) ఉన్న లారీ అయితే దాని సీలు మీరు ముట్టుకోకండి. అధికారం ఉన్న వర్క్‌షాప్‌కే తీసుకెళ్లండి.

జంట చక్రాల్లో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది వేయకండి.

స్టెప్నీ కూడా మార్చండి.

టైర్లు మార్చిన రోజు కిలోమీటర్ల రీడింగ్ రాసి పెట్టండి. మీటర్ సరిచేయకపోతే 10,000 అని చూపించేసరికి బండి 10,870 తిరిగి ఉంటుంది, ఆయిల్ మార్పు అంత ఆలస్యం. మైలేజ్ పడిపోయిందని ఇంజన్ విప్పించకండి, ముందు ఈ లెక్క చూడండి.

సరిచేశాక మళ్లీ జీపీఎస్‌తో 60 దగ్గరా 80 దగ్గరా చూడండి. రెండు చోట్లా ఒకే శాతం తేడా మిగిలిందంటే పెట్టిన అంకె తప్పు. రెండు చోట్లా అన్నే కిలోమీటర్లు తేడా ఉంటే అనుమానం ముల్లు మీద పెట్టుకోండి.

ఐదు కలుపుకుని వర్క్‌షాప్ దాకా పోదాం అనుకోకండి. టైర్లు వేసే చోటికే మీటర్ సరిచేసే మనిషిని పిలవండి. కుదరకపోతే పాత టైర్లు ఉంచుకుని రెండూ ఒకే రోజు పెట్టుకోండి.

ఎప్పుడైనా మళ్లీ పాత సైజుకి మారితే సెట్టింగ్ కూడా ఆ రోజే వెనక్కి మార్చండి, లేకపోతే మీటర్ ఈసారి ఎక్కువ చూపిస్తూ, తిరగని కిలోమీటర్లు కూడా బండి ఖాతాలో రాస్తుంది.