యానిమల్ ఫామ్‌ను రష్యా చరిత్రతో జోడించి జట్టుగా చదవడం ఎలా

కావలి, కందుకూరు, ఒంగోలు, ఏ ఊరి గ్రంథాలయంలోనైనా ఎనిమిది పదిమంది కూడితే జార్జ్ ఆర్వెల్ ‘యానిమల్ ఫామ్’ను, యజమానిపై జంతువులు తిరగబడే కథగా రష్యా విప్లవాన్ని చెప్పిన నవలను, మూడు ఆదివారాల్లో చదివేయవచ్చు. పది అధ్యాయాలే. మొదటి వారం 1–4, రెండో వారం 5–7, చివర 8–10.

పొడుగు నోటుబుక్కులో నాలుగు గళ్లు గీయండి: అధ్యాయం, కథలో జరిగింది, రష్యాలో జరిగింది, కుదరనిది. మూడో గడిలో ఏడాది తప్పనిసరి. నాలుగోది ఖాళీగా మిగిలితే సరిగా చదవలేదనే లెక్క. పందుల నాయకుల్లో నెపోలియన్ స్టాలిన్, స్నోబాల్ ఆయన ప్రత్యర్థి ట్రాట్‌స్కీ అని పేర్లు జతచేసి చాలామంది అక్కడే ఆగిపోతారు. ఏది జరిగాక ఏది జరిగింది, ఎందుకు జరిగింది అన్నది చూడాలి.

మొదటి వారమే లెనిన్ ఎక్కడని వెతుకులాట మొదలవుతుంది. లెనిన్‌కు విడిగా పాత్ర లేదు. తిరుగుబాటు కలను జంతువులకు చెప్పే ముసలి పంది మేజర్‌లో మార్క్స్, లెనిన్ ఇద్దరూ కలిసి ఉన్నారు. 1917లో రెండు విప్లవాలు వస్తే కథలో తిరుగుబాటు ఒక్కటే. ఇవి రెండూ నాలుగో గడిలోకి వెళ్లాలి. తేదీల్లోనూ జాగ్రత్త: రష్యా పాత క్యాలెండర్ అప్పటికి 13 రోజులు వెనక ఉండేది, రెండో విప్లవం జరిగిన వాళ్ల అక్టోబరు 25 మనకు నవంబరు 7.

పాలు, ఆపిల్‌పళ్లు పందులే ఉంచేసుకునే చోట తొందరపడకండి. కథ మలుపు తిరిగేది అక్కడేనని, మనసులో ఉన్నది క్రోన్‌స్టాట్ అని ఆర్వెల్ ఒక ఉత్తరంలో రాశాడు. అంటే 1921 మార్చిలో ఆ నావికా స్థావరంలో నావికుల తిరుగుబాటును బోల్షెవిక్ ప్రభుత్వం అణచివేయడం. అక్కడ పేర్లేవీ జతపడవు, అధికారం చేతులు మారిన తీరే జతపడుతుంది.

గోడకు చార్టు అంటించి, తిరుగుబాటు తర్వాత జంతువులు పెట్టుకున్న ఏడు సూత్రాలూ రాయండి. పందులు ఒక్కో సూత్రం మార్చినప్పుడల్లా పాత వాక్యం చెరపకుండా, కొత్త మాటను ఎర్రసిరాతో పక్కనే చేర్చండి. జంతువులు మరిచిపోయినవన్నీ మన కళ్లముందు నిలిచి ఉంటాయి.

రెండో వారానికి ఏడాదులు: ట్రాట్‌స్కీని పార్టీ నుంచి తీసేసింది 1927, దేశం దాటించింది 1929, మొదటి పంచవర్ష ప్రణాళిక మొదలైంది 1928. జంతువులు కట్టే గాలిమర చుట్టూ జరిగేదంతా వీటి పక్కన పెట్టి చూడండి. కోళ్లు గుడ్లను పైనుంచి జారవిడిచి పగలగొట్టడానికి జోడు, ఉమ్మడి సేద్యానికి అప్పజెప్పలేక రైతులు తమ పశువులను తామే కోసుకోవడం. జంతువులతో నేరం ఒప్పించి చంపడానికి జోడు 1936–38 మాస్కో విచారణలు.

మూడో వారం పక్క పొలం యజమాని ఫ్రెడరిక్ దొంగనోట్ల బేరానికి ఎదురుగా హిట్లర్ జర్మనీతో స్టాలిన్ చేసుకున్న 1939 ఆగస్టు 23 ఒప్పందం, అతని దాడికి ఎదురుగా జర్మనీ రష్యా మీద పడిన 1941 జూన్ 22. పందులు, మనుషులు కలిసి చేసే చివరి విందు, స్టాలిన్ అమెరికా, బ్రిటన్ నేతలతో కూర్చున్న 1943 టెహరాన్ సమావేశం. అది రాజీకి గుర్తని చాలామంది పొరబడతారు. ఆ స్నేహం నిలవదన్న నమ్మకంతోనే ముగింపు రాశానని ఆర్వెల్ ఉక్రేనియన్ అనువాదం ముందుమాటలో చెప్పాడు.

కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్యగారు పుట్టిన అలగానిపాడు మన నెల్లూరు జిల్లాదే. ఎర్రజెండా ఇంటిదైన వాళ్లు జట్టులో ఉంటారు, మాట వేడెక్కుతుంది. మొదటి ముప్పావుగంట కథ తప్ప రష్యా ఊసు ఎత్తకూడదని నియమం పెట్టండి. పుస్తకం పక్షపాతమన్న వాదన వస్తే ఎనిమిదో అధ్యాయం తెరవండి. గాలిమర పేలినప్పుడు జంతువులన్నీ బోర్లా పడ్డాయి, ‘నెపోలియన్ తప్ప’ అని ఉంటుంది. జర్మన్లు ముంచుకొస్తున్నా స్టాలిన్ మాస్కో వదల్లేదు కాబట్టి, ఆయనకు అన్యాయం చేయకూడదని, అచ్చుకు వెళ్లేముందు ఆర్వెల్ మార్పించిన మాట అది.