పిట్టల వేటకు తక్కువ ధరలో జంట గొట్టాల తుపాకీ ఎంచుకోవడం ఎలా?

అమెరికాలో ఏ తుపాకుల షాపుకి వెళ్లినా, పక్కపక్కన రెండు గొట్టాలుండే షాట్‌గన్ ఐదువందల డాలర్లదీ ఉంటుంది, ఐదువేల డాలర్లదీ ఉంటుంది. కొత్తవాళ్ల కంటికి రెండూ ఒకలాగే కనిపిస్తాయి. ధరలో తేడా చాలావరకు చెక్క నాణ్యతలో, చేతిపనిలో, లోహం మీద చెక్కిన నగిషీలో ఉంటుంది. ఎగిరే పిట్టకు నగిషీతో పనిలేదు. మీ బడ్జెట్ వెయ్యి డాలర్ల లోపైతే ముఖ్యంగా చూసుకోవాల్సినవి రెండే: తుపాకీ మీ భుజానికి అమరాలి, తూటాలు పెట్టడానికి మధ్యలో మడిచి తెరిచే ఈ తుపాకీని మూసినప్పుడు గొట్టాలు గట్టిగా బిగుసుకోవాలి.

1. ముందు కాగితాలు చూసుకోండి

మనవాళ్లలో చాలామందికి తెలియని విషయమిది. హెచ్‌1బీ, ఎఫ్‌1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ కొనడం, దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా నేరం. దీనికి కొన్ని మినహాయింపులున్నాయి. ఏదైనా ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్ ఉండటం వాటిలో ఒకటి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం లేదు. షాపులో నింపే ఫారం 4473లో ఇమిగ్రేషన్ స్టేటస్ అడుగుతారు, అక్కడ తప్పు రాస్తే అదే వేరే కేసవుతుంది. ఏ కొంచెం అనుమానం ఉన్నా తుపాకుల షాపువాణ్ణి కాదు, లాయర్ని అడగండి.

లైసెన్స్‌కి చాలా రాష్ట్రాల్లో హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కావాలి. టెక్సస్‌లో అయితే 1971 సెప్టెంబర్ 2న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు ఇది తప్పనిసరి. ఇక కొన్న తుపాకీతో ఎప్పుడైనా ఊరికెళ్లి కౌజు పిట్టలు కొడదామనే ఆలోచనుంటే మానుకోండి. మన దగ్గర 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది.

2. ఏ పిట్టకో తేల్చుకోండి

టెక్సస్‌లో చాలామంది వెతికేది బాబ్‌వైట్ క్వెయిల్‌ని, అంటే ఓ రకం కౌజు పిట్టని. బరువు 200 గ్రాములు కూడా ఉండదు. కాళ్ల దగ్గర నుంచి గుంపంతా ఒక్కసారిగా లేస్తుంది కాబట్టి కాల్చేది దగ్గర నుంచే. సౌత్ డకోటాలో ఫెజంట్ అలా కాదు. కోడిపుంజంత పిట్ట, కిలోకి పైనే తూగుతుంది, సీజన్ ముదిరేకొద్దీ దూరం నుంచే లేచిపోతుంది. అక్కడ పుంజుల్నే కొట్టాలి, పెట్టను కొడితే జరిమానా.

రెండింటికీ ఒకే తుపాకీ కావాలంటే నా ఓటు 20 గేజ్‌కే (గేజ్ అంటే గొట్టం లావు కొలత, అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది). క్వెయిల్‌కి ముప్పావు నుంచి ఒక ఔన్సు వరకు 7½ లేదా 8 నంబరు గుళ్లు (నంబరు పెరిగేకొద్దీ గుండు చిన్నది) సరిపోతాయి, ఫెజంట్‌కి ఒక ఔన్సు 5 లేదా 6 నంబరు పెట్టుకోవచ్చు. ఫెజంటే ప్రధానమైతే 12 గేజ్ తీసుకోండి. 28 గేజ్, .410 లాంటి మరీ సన్న గొట్టాల తుపాకులు చేతికి ముద్దుగా ఉంటాయి కానీ తూటాల ఖర్చు ఎక్కువ, కొత్తవాళ్ల గురి తప్పులకు అవి ఏమాత్రం ఆసరా ఇవ్వవు.

ఇంట్లో రెండు గేజ్‌లూ ఉంటే తూటాలు ఎప్పుడూ కలపొద్దు. 20 గేజ్ తూటా 12 గేజ్ గొట్టంలోకి జారి మధ్యలో ఇరుక్కుంటుంది. గొట్టం ఖాళీగా ఉందనుకుని వెనకాల 12 పెట్టి కాలిస్తే గొట్టం పేలుతుంది. 20 గేజ్ తూటాలను పసుపు రంగులో చేసేది ఇందుకే.

బరువు ఆరు, ఆరున్నర పౌండ్లుంటే రోజంతా గడ్డి పొలాల్లో మోసుకు తిరగొచ్చు. ఇంకా తేలికైతే మోయడానికి హాయిగానే ఉంటుంది, భుజం మీద తన్నే తన్ను మాత్రం పెరుగుతుంది.

3. రెండు ట్రిగ్గర్లను చూసి భయపడొద్దు

ముందు ట్రిగ్గర్ కుడి గొట్టాన్ని, వెనకది ఎడమ గొట్టాన్ని పేలుస్తుంది. మామూలుగా కుడి గొట్టం చోక్ (గుళ్లు చెదరకుండా గొట్టం చివర చేసే ఇరుకు) కాస్త వెడల్పు, ఎడమది ఇరుకు. పిట్ట దగ్గర్లో లేస్తే ముందుది, దూరంగా ఉంటే వెనకది, ఎంపిక మీ వేలి మీదే ఉంటుంది. తక్కువ ధర తుపాకుల్లో ఒంటి ట్రిగ్గర్ యంత్రాంగమే ముందు మొరాయిస్తుంది, రెండు ట్రిగ్గర్లది సాదా ఏర్పాటు. అలవాటు కావడానికి కాసేపు పడుతుంది, అంతే.

ఎజెక్టర్లకు కూడా అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదు. తుపాకీ తెరవగానే అవి ఖాళీ తూటాల్ని గాల్లోకి విసిరేస్తాయి, మళ్లీ గడ్డిలో వంగి ఏరుకోవాల్సింది మీరే. ఎక్స్‌ట్రాక్టర్ వాటిని కాస్త పైకి లేపి వదిలేస్తుంది, తీసి జేబులో వేసుకోవడమే.

4. కొత్తదా, పాతదా?

కొత్తవాటిలో ఈ ధరకు ఎక్కువగా కనిపించేవి బ్రెజిల్‌లో తయారయ్యే స్టోగర్ అప్‌లాండర్, టర్కీలో హుగ్లూ కంపెనీ తయారుచేసిన సీజెడ్ బాబ్‌వైట్ జీ2. మొదటిది మొరటు, తెరవాలంటే బలం పెట్టాలి, కానీ పని చేస్తుంది. రెండోదాని స్టాక్ (భుజానికి ఆనే వెనక చెక్క) ఇంగ్లిష్ పద్ధతిలో తిన్నగా ఉంటుంది, కాబట్టి ఒక ట్రిగ్గర్ నుంచి రెండోదానికి చెయ్యి ఇట్టే జారుతుంది. చోక్‌లు విప్పి మార్చుకోవచ్చు. రెండూ చేతికిస్తే నేను రెండోదే తీసుకుంటాను.

పాతవాటిలో స్టీవెన్స్ 311 పొలం పనివాడి తుపాకీ. బరువెక్కువ, నాజూకు లేదు, కానీ మన్నుతుంది. సావేజ్ ఫాక్స్ మోడల్ బీ విషయంలో మాత్రం జాగ్రత్త. సావేజ్ కంపెనీ 1929లో ఏ.హెచ్. ఫాక్స్‌ని కొనేసి ఆ పేరుని దీని మీద వేసింది, లోపలంతా స్టీవెన్స్ వరసే. తుపాకీ మంచిదే, పేరు కోసం అదనంగా ఇవ్వొద్దు. జపాన్‌లో ఎస్‌కేబీ చేసి ఇథాకా పేరుతో అమ్మిన 100, 200ఈ మోడళ్లు వీటికంటే ఒక మెట్టు పైన. స్పెయిన్‌లోని ఐబార్ ఊళ్లో చేసిన తుపాకులు కూడా అప్పుడప్పుడు సరసమైన ధరకు తగులుతాయి.

5. పాతదాన్ని చేత్తో పరీక్షించండి

షాపువాడి అనుమతి తీసుకుని, ముందు తెరిచి రెండు గొట్టాలూ ఖాళీగా ఉన్నాయో లేదో చూడండి.

తర్వాత గొట్టాల కింద చెయ్యి పెట్టుకునే ముందు చెక్కను ఊడదీసి, తుపాకీ మూసి, స్టాక్ మెడ దగ్గర గట్టిగా పట్టుకుని ఊపండి. కీలు దగ్గర టకటక కదలిక తెలిస్తే తుపాకీ వదులైపోయినట్టే. వెలుతురుకెదురుగా పట్టుకుని గొట్టాలకీ, వెనక దిమ్మకీ మధ్య చూడండి, వెలుగు కనబడకూడదు. మూసినప్పుడు పైనున్న లివర్ నడిమధ్యకి కాస్త కుడివైపు ఆగితే ఇంకా అరుగుదలకు చోటుంది. మధ్య దాటి ఎడమకి పోయిందంటే బాగా అరిగిపోయింది.

గొట్టాలను విడదీసి, కింది కొక్కెం దగ్గర వేలికి వేలాడదీసి వేలిగోటితో తట్టండి. ఖంగుమని మోగితే అతుకులు, రిబ్బు (రెండు గొట్టాల మధ్య పొడుగునా ఉండే పట్టీ) గట్టిగా ఉన్నట్టు. దబ్బుమని మూగగా వినిపిస్తే ఎక్కడో అతుకు వదిలింది. గొట్టం లోపల వెలుగు చూస్తే వలయాల్లా నీడలు పడతాయి, ఏ వలయమైనా వంకరైతే అక్కడ సొట్ట ఉన్నట్టు. స్టాక్‌లో లోహం కలిసేచోట, మెడ దగ్గర పగుళ్లు చూడండి. స్క్రూల గాడులు చెడిపోయి ఉంటే ఎవరో తెలియనివాడు విప్పాడని అర్థం.

గొట్టాల మీద మెలికలు తిరిగిన చారలు కనిపిస్తే అది డమాస్కస్ గొట్టం, అంటే ఇనుము, ఉక్కు పట్టీలు మెలిపెట్టి అతికిన పాతకాలపు గొట్టం కావచ్చు. గోడకు వేలాడదీయడానికైతే కొనుక్కోండి, ఆధునిక తూటాలకు కాదు. పాత తుపాకుల చాంబర్ (తూటా కూర్చునే చోటు) పొడవు కూడా కొలిపించండి, కొన్నింటిలో ఇప్పటి 2¾ అంగుళాల తూటాకి చోటు చాలదు.

6. భుజానికి పెట్టి చూడండి

ఖాళీ అని మళ్లీ చూసుకుని, షాపువాడు చూపించిన దిక్కుకి తుపాకీ పట్టుకోండి. కళ్లు మూసుకుని భుజానికి చేర్చి, చెంప చెక్కకు ఆనించి కళ్లు తెరవండి. గొట్టాల మధ్య రిబ్బు మీదుగా తిన్నగా చూపు వెళ్తే అది మీ తుపాకీ. మెడ సాగదీయాల్సొచ్చినా, తల వంచాల్సొచ్చినా కాదు. ట్రిగ్గర్ నుంచి స్టాక్ చివరికి దూరం ఫ్యాక్టరీలో సుమారు 14¼, 14½ అంగుళాలు పెడతారు. పొట్టి చేతులవాళ్లకు చంక దగ్గర తట్టుకుంటుంది, చలికోటు తొడిగితే మరీనూ. కాబట్టి వేటకు వేసుకునే కోటు వేసుకునే షాపుకెళ్లండి. పొడవెక్కువైతే గన్‌స్మిత్ కొంచెం కోసి రబ్బరు ప్యాడ్ బిగిస్తాడు, దానికి పెద్దగా ఖర్చవదు.

7. కాగితం మీద కాల్చి తీరాలి

చవక జంట తుపాకులకున్న పెద్ద జబ్బు, రెండు గొట్టాలూ ఒకే చోటికి కొట్టకపోవడం. రేంజ్‌లో పెద్ద కాగితం కట్టి, 25 గజాల నుంచి ఒకే చుక్కకి గురిపెట్టి, కుడిగొట్టంతో ఒక కాగితం, ఎడమదానితో ఇంకో కాగితం కాల్చండి. గుళ్ల గుంపుల నడిమధ్యలు ఒక చేతి వెడల్పుకి మించి దూరంగా పడితే తుపాకీ వెనక్కి ఇచ్చేయండి. అందుకే కొనేముందే రిటర్న్ ఎన్నాళ్లలోపు తీసుకుంటారో బిల్లు మీద రాయించుకోవాలి.

ఫెజంట్ కోసం డకోటాల వైపు వెళ్లేవాళ్లకు ఇంకో సంగతి. అక్కడి ఫెడరల్ వాటర్‌ఫౌల్ ప్రొడక్షన్ ఏరియాల్లో (నీటి పక్షుల కోసం కాపాడే ప్రభుత్వ నేలలు) ఫెజంట్ వేటకైనా సీసం గుళ్లు పనికిరావు. పాత తుపాకుల ఇరుకు చోక్‌లలో స్టీల్ గుళ్లు కాలిస్తే గొట్టం ఉబ్బే ప్రమాదముంది. అలాంటి తుపాకీకి స్టీల్ కంటే మెత్తనైన బిస్మత్ లోహపు గుళ్లే వాడాలి, వాటి ధర ఎక్కువ. పాతదాని బేరం చేసేటప్పుడు ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.