అమెరికా పరిశ్రమల పాఠం: తాళం వేసిన తలుపు దగ్గర మొదలుపెట్టండి

మా బాపు వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లులో షిఫ్టు డ్యూటీ చేసేవాడు. సైరన్ మోగితే అమ్మ సద్ది కట్టేది. షిఫ్టు అంటే ఎనిమిది గంటలని మా వాడలో చిన్న పిల్లలకు కూడా తెలుసు. కానీ ఆ ఎనిమిది గంటలు ఎక్కడి నుంచి వచ్చాయో నేను చదువుకునే రోజుల్లో ఎవరూ చెప్పలేదు. అందుకే సోషల్ టీచర్‌గా అమెరికా పరిశ్రమల పాఠమంటే నాకు పట్టుదల. కొత్త టీచర్లకు, గ్రూప్స్‌కు సొంతంగా చదువుకునేవాళ్లకు పనికొస్తుందని నేను చెప్పే పద్ధతి రాస్తున్నాను.

మొదటి రోజు చమురు వ్యాపారి రాక్‌ఫెల్లర్, ఉక్కు వ్యాపారి కార్నెగీల జోలికి పోవద్దు. బోర్డు మీద ‘1911 మార్చి 25, న్యూయార్క్’ అని రాసి, ఒక తలుపు బొమ్మ వేసి దానికి తాళం గీయండి. పదంతస్తుల భవనంలో పై మూడు అంతస్తుల్లో ట్రయాంగిల్ కంపెనీ ఉండేది. ఆడవాళ్ల జాకెట్లు కుట్టే ఫ్యాక్టరీ అది. పనిచేసేవాళ్లలో ఎక్కువమంది ఇటలీ నుంచి, తూర్పు యూరప్ నుంచి వలస వచ్చిన అమ్మాయిలు. ఎనిమిదో అంతస్తులో నిప్పంటుకుంది. తొమ్మిదో అంతస్తులో ఒక తలుపుకు తాళం వేసి ఉంది. ఫైరింజన్ నిచ్చెన ఆరో అంతస్తు దాకానే అందింది. 146 మంది చనిపోయారు.

ఇక్కడ ఆగండి. తాళం ఎందుకు వేశారో పిల్లలనే అడగండి. ఇంట్లో మగ్గం ఉన్న కొత్తవాడ అమ్మాయి ఒకసారి వెంటనే లేచి, "బట్ట ఎత్తుకపోతరని మేడం" అంది. సరిగ్గా యజమానుల భయం కూడా అదే.

ఆ తలుపు నుంచి వెనక్కి నడవాలి. ఇంత తక్కువ కూలికి అంతమంది ఎలా దొరికారు? వలసల గురించి చెప్పండి. ఒక ఊళ్లో కుట్టిన జాకెట్ దేశమంతా ఎలా అమ్ముడుపోయింది? ఇక్కడ రైలు వస్తుంది. 1869లో అమెరికా తూర్పు, పడమరలను కలిపే లైను పూర్తయింది. కాజీపేట జంక్షన్ చూసిన పిల్లలకు రైలు ఒక ఊరిని ఏం చేస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

ట్రస్టు (పోటీ కంపెనీలన్నీ ఒకే చేతి కిందికి రావడం) అనే మాట దగ్గర మాత్రం తొందరపడొద్దు. నిర్వచనం రాయించకుండా ఇలా అడగండి: "ఎనుమాముల మార్కెట్‌లో పత్తి కొనేవాళ్లందరూ ఒక్క సేటు మనుషులే అయితే రేటు ఎవరు చెప్తారు?" రైతుల పిల్లలు జవాబు చెప్పేస్తారు. అప్పుడు చెప్పండి: రాక్‌ఫెల్లర్ కంపెనీ స్టాండర్డ్ ఆయిల్ చేతిలోకి ఒక దశలో అమెరికా ముడి చమురు శుద్ధిలో దాదాపు 90 శాతం వచ్చింది. రైలు కంపెనీలు దానికి చాటుగా కిరాయి తగ్గించేవి. 1890లో ట్రస్టులను అడ్డుకోవడానికి షెర్మన్ చట్టం వచ్చింది. 1911లో సుప్రీంకోర్టు ఆ కంపెనీని విడగొట్టమంది. మధ్యలో 1894 పుల్‌మన్ రైల్వే సమ్మెలో కార్మిక నాయకుల మీద కూడా ఇదే షెర్మన్ చట్టాన్ని వాడారు. ఈ సంగతి దాటేయకండి, పిల్లలకు బాగా కోపం వచ్చేది ఇక్కడే.

కార్నెగీ ఉక్కు, 1901లో యు.ఎస్. స్టీల్ పుట్టుక ఐదు నిమిషాల్లో చెప్పేయొచ్చు.

సంస్కరణలకు బోర్డు మీద రెండు వరసలు గీయండి: ‘ఏం జరిగింది’, ‘ఏం మారింది’. చికాగో మాంసం ఫ్యాక్టరీల అపరిశుభ్రత బయటపడింది, 1906లో మాంసం తనిఖీ చట్టం వచ్చింది. ట్రయాంగిల్ కాలిపోయింది, న్యూయార్క్ రాష్ట్రం విచారణ కమిషన్ వేసి ఫ్యాక్టరీల భద్రతకు వరసగా చట్టాలు చేసింది. ఆ మంటలను కళ్లారా చూసిన ఫ్రాన్సిస్ పెర్కిన్స్ 1933లో దేశానికి కార్మిక మంత్రి అయింది.

బాల కార్మికుల విషయానికి ఒక పీరియడ్ మొత్తం ఇవ్వండి. పెన్సిల్వేనియా బొగ్గు గనుల దగ్గర పిల్లలు వంగి కూర్చుని బొగ్గులోంచి రాళ్లు ఏరేవాళ్లు. 1908 నుంచి లూయిస్ హైన్ ఇలాంటి పిల్లల ఫొటోలు తీశాడు. ఒక్కటైనా ప్రింట్ తీసి క్లాసులో చేతులు మార్పించండి. భూపాలపల్లి నుంచి వచ్చి హాస్టల్లో ఉండే అబ్బాయి ఆ ఫొటోను చాలాసేపు వదల్లేదు, వాళ్ల తాత సింగరేణి కార్మికుడు. తర్వాత బోర్డు మీద ఈ మూడు సంవత్సరాలను రాయండి. 1916లో చట్టం వచ్చింది. 1918లో సుప్రీంకోర్టు కొట్టేసింది. దేశమంతటికీ నిలబడే చట్టం 1938లో గాని రాలేదు. చట్టం రాగానే సమస్య తీరిపోయిందని పిల్లలు అనుకోకూడదు. నల్లజాతి వాళ్లకు ఈ సంస్కరణల్లో చాలావరకు చోటు దక్కలేదని, వాళ్లను వేరు రైలు డబ్బాల్లో కూర్చోబెట్టడం సరైనదేనని 1896లో సుప్రీంకోర్టే చెప్పిందని కూడా చెప్పండి.

ఇంటి పనిగా ప్రశ్న జవాబులు వద్దు. ఇంట్లో పెద్దవాళ్లు రోజుకు ఎన్ని గంటలు పనిచేశారో, ఏ వయసులో మొదలుపెట్టారో అడిగి రాసుకురమ్మనండి. బీడీలు చుట్టిన అమ్మమ్మలు, మిల్లు తాతలు, హమాలీ నాన్నలు వస్తారు. తెల్లారి వాటికి మార్కులు వేయకుండా చదివించండి. పదకొండు గంటలు, పన్నెండు గంటలు అని పిల్లలు చదువుతుండగా బోర్డు మీద ‘1886 మే 1’ అని రాసి, ఎనిమిది గంటల పని కోసం చికాగో కార్మికులు చేసిన సమ్మె మొదలుపెట్టండి.